ఎడమ నుంచి మూడోది

నేను ఒక పోర్టు కార్డును. మీలో చాలామందికి నా మొహం తెలియదు. కంప్యూటర్లు ట్రంకుపెట్టెలంత ఉన్న రోజుల్లో బల్ల వెనక్కి దూరి, చెమటలు కక్కుతూ, ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక తిట్టుకున్నవాళ్ళకి నా వీపు మాత్రం తెలుసు. ఆ తిట్లన్నీ నాకు వినిపించేవి. మనుషులంటే నాకు ఇష్టం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోవద్దు.

నా పని చిన్నది. కంప్యూటర్ లోపలి మాటని బయటికీ, బయటి మాటని లోపలికీ దాటించడం. అందుకు నాకు రెండు తలుపులు. ఒకటి సీరియల్ పోర్టు. దాంట్లోంచి అక్షరం ముక్కముక్కలై ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్తుంది. రెండోది పారలల్ పోర్టు. అందులో ముక్కలన్నీ భుజం భుజం కలిపి ఒక్కసారే పోతాయి. తలుపు దగ్గరికి ఎవరో వచ్చారని లోపలున్న ప్రాసెసర్‌కి తెలియాలి కదా, దానికి గంటలుంటాయి. టెక్నీషియన్లు వాటిని ఐఆర్‌క్యూలంటారు. మనం గంటలనే అనుకుందాం. ఒక్కో గంటకి ఒక్కో నంబరు. నా ఒంటి మీద సూదుల్లాంటి పిన్నులు జతలు జతలుగా నిలబడి ఉంటాయి. వాటి మీద బియ్యపు గింజంత నల్ల టోపీ తొడుగుతారు. టోపీ ఏ జత మీదుంటే నా తలుపుకి ఆ గంట. రెండు తలుపులకీ ఒకే గంట కట్టారా, ఇల్లు చెడినట్టే. గంట మోగుతుంది, ప్రాసెసర్ ఒక తలుపు తీసి చూస్తుంది, రెండో తలుపు దగ్గర నిలబడ్డవాడు అక్కడే పడి చస్తాడు.

ఇంత చిన్న సంగతి తెలియకే మనుషులు నన్ను నానా మాటలూ అన్నారు.

పుట్టింది తైవాన్‌లో, ఒక రేకుల షెడ్డులో. ఓడెక్కి మద్రాసు, అక్కణ్ణించి రైల్లో విశాఖపట్నం. మొదటి యజమాని కంప్యూటర్ జాతకాలు తీసే ఒక సిద్ధాంతి. ఆయన తన మౌసుకీ, నా సీరియల్ తలుపుకి తగిలించిన మోడెమ్ అనే ఫోను డబ్బాకీ ఒకే గంట కట్టించుకున్నాడు. ఫోను లైను మీద ఏ కబురు వచ్చినా జాతకం వివాహ స్థానం దగ్గర ఆగిపోయేది. పెళ్ళి కోసం వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయేవారు. తప్పు టోపీది కాదు, గ్రహాలది కాదు, నాదేనని తేల్చాడాయన. 'ఈ ముక్కకి శని పట్టింది' అని కరెంటు ఆపకుండానే నన్ను ఊడబెరికాడు. విభూతి పొట్లాల సొరుగులో పడేశాడు. కొన్నాళ్ళకి షాపువాడు వెనక్కి తీసుకుని, ఉమ్మి తడి తగిలేలా నా మీద ఊది, దుమ్ము దులిపి, కొత్తదాని డబ్బాలో పెట్టాడు.

అలా నేను విజయనగరం జిల్లాలో, ఒక కొండ అడుగున ఉన్న అంధుల పాఠశాలకి చేరాను. అక్కడ నన్నొక యుద్ధంలోకి దింపారు.

యుద్ధం సలోమి టీచరుకీ పైడిరాజుకీ.

సలోమి ఆ బడిలోనే చదువుకుని ఆ బడిలోనే తెలుగు పాఠాలు చెప్పే మనిషి. నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. ఇస్త్రీ చెదరని నేత చీర, బిగించి అల్లిన జడ, అంతకన్నా బిగించిన పెదాలు. దారిలో ఎవరైనా మోచెయ్యి పట్టుకుంటే 'నేను పడిపోతున్నానని ఎవరు చెప్పారు మీకు?' అని అడిగేది. పిల్లలకి ఆమె అడుగుల చప్పుడు తెలుసు. వినపడగానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవారు.

పైడిరాజు అచ్చు గది మనిషి. కళ్ళున్నవాడు. బడిలో కళ్ళున్నవాళ్ళు ఇద్దరే, అతనూ వంటమనిషీ. వంటమనిషికి చదువు రాదు. కంప్యూటర్ రాకముందు బ్రెయిలీ పుస్తకమంటే పైడిరాజే. జింకు రేకుల మీద ఒక్కో చుక్కా పొడిచి, రేకునీ కాగితాన్నీ కలిపి రోలరు కింద తోసి తీసేవాడు. సలోమి పాఠం నోటితో చెప్పాలి, అతను పొడవాలి. అలా ఏళ్ళు గడిచాయి. అతను లైను మింగేస్తే ఆమె పిల్లల ముందే దులిపేసేది. ఆమె దులిపిన రోజు అతను ఇంకో రెండు లైన్లు మింగేసేవాడు.

అంతవరకూ అయితే అది మామూలు గొడవ. ఒక ఏడాది పరీక్షల ముందు ఆమె తొందరపెట్టింది. ఆ తొందరలో పైడిరాజు కుడిచెయ్యి రోలరు కిందికి పోయింది. మూడు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాక ఎవరో పరిగెత్తుకొచ్చి టీచరుతో 'అచ్చు గదిలో ప్రమాదం జరిగింది' అన్నారట. ఆమె 'పుస్తకం పూర్తయిందా?' అందట. ఎవరికి ఏమైందో తెలియక అన్న మాట అది. తర్వాత తెలిసింది. తెలిసినా ఆమె ఆస్పత్రికి వెళ్ళలేదు. ఆ మాట మాత్రం ఆస్పత్రికి వెళ్ళింది.

నేను వచ్చేనాటికి వాళ్ళిద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకి రెండు కొసల్లో కూర్చుని, అవసరమైతే గోడతో మాట్లాడేవారు.

బడికి ఎవరో దాతలు ఒక కంప్యూటరూ, ఒక బ్రెయిలీ ప్రింటరూ, ఇంకా మాట పెట్టె ఒకటీ ఇచ్చారు. మాట పెట్టె అంటే తెర మీది అక్షరాలని పైకి చదివే యంత్రం. అది ఇంగ్లీషు నోటితో తెలుగు పలికేది. 'గుర్రం' అని కొడితే 'గర్రామ్' అనేది. అయినా సలోమికి అది పెద్ద సంగతి. తను కొట్టిన వాక్యాన్ని తనే, ఇంకెవరి దయా లేకుండా, వెనక్కి విని దిద్దుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. మొదటిరోజు ఒక పేజీ కొట్టి, విని, ఒక తప్పు పట్టుకుని దిద్దింది. దిద్దాక కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొహంలో సంతోషం లాంటిదేదో కనిపించింది. నేను చూసింది అదొక్కసారే.

ప్రిన్సిపాల్ ఫణిభూషణరావు గారు మెత్తని మనిషి. ఆయనకీ చూపు లేదు. గొడవ అంటే గిట్టదు. అందుకని ఇద్దరికీ మాటిచ్చేశాడు. సలోమికి మాట పెట్టె. పైడిరాజుకి మౌసుతో పనిచేసే కొత్త అచ్చు ప్రోగ్రాము, అది నేర్చుకుంటే కంప్యూటర్ ఆపరేటర్ హోదా. రేకుల పని పోయాక పైడిరాజుకి బడిలో మిగిలిన చోటు అదొక్కటే. వచ్చిన యంత్రంలో సీరియల్ తలుపు ఒక్కటే ఉంటే దానికి మౌసు తగిలించారు. మాట పెట్టెకీ, బ్రెయిలీ ప్రింటర్‌కీ తలుపులు కావాలని నన్ను తెప్పించారు. విశాఖపట్నం టెక్నీషియను ఒకతను వచ్చి, టోపీలు సిద్ధాంతి కట్టించినట్టే ఉంచి, నాలుగు మరలు బిగించి, టీ తాగి వెళ్ళిపోయాడు. మౌసుదీ మాట పెట్టెదీ మళ్ళీ అదే గంట. నాలుగో నంబరు.

ఇక చూడండి. సలోమి పాఠం కొడుతూ ఉండేది. మాట పెట్టె వెంటవెంటనే పలికేది. బల్ల రెండో కొస నుంచి పైడిరాజు కాగితాల కట్ట జరిపితే మౌసుకి తగిలేది. మౌసు ఆవగింజంత కదిలేది. మాట పెట్టె సగం మాటలో నోరు మూసుకునేది. ఇక ఏం నొక్కినా పలకదు. యంత్రం మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, కొట్టినదంతా పోయేది.

మొదట రెండుసార్లూ అది పొరపాటే. మూడోసారి పైడిరాజు మౌసు వంకా, ఆమె వంకా చూశాడు. చూపుడువేలి మొండితో మౌసుని మెల్లగా నెట్టాడు. పెట్టె ఆగింది. ఆమె వేళ్ళు మీటల మీదే గాల్లో ఆగిపోయాయి. 'మళ్ళీనా' అంది ఎవరితోనూ కాకుండా. అతను పళ్ళు కనిపించకుండా నవ్వాడు. కళ్ళు లేని మనిషి ముందు చప్పుడు లేకుండా నవ్వడమంటే ఏమిటో నేనక్కడే చూశాను. ఆ నవ్వుకి పనిముట్టు నేనే. అది నాకు ఇప్పటికీ కంపరం.

అలా చాలాసార్లు జరిగింది. ఆమె మొదట యంత్రాన్ని తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి వినడం మొదలుపెట్టింది. మౌసు కడుపులో రబ్బరు గుండు ఒకటి ఉండేది, దొర్లితే గరగరమని సన్నటి చప్పుడు. ఒకరోజు పెట్టె ఆగేముందు ఆ గరగర ఆమె చెవిన పడింది. అతను భోజనానికి వెళ్ళాక బల్లంతా తడుముకుంటూ వెళ్ళి, మౌసుని తిరగేసి, మూత తిప్పి, గుండు బయటికి తీసింది. తిన్నగా మరుగుదొడ్డికి వెళ్ళి గుంటలో పడేసి చేతులు కడుక్కుంది.

సాయంత్రం పైడిరాజు ప్రోగ్రాము తెరిచాడు. బాణం కదల్లేదు. మౌసు తిరగేసి చూశాడు.

"టీచరమ్మా, ఇందులో గుండేది?"

"దొడ్లో పడేశాను."

"ఏటి?"

"వినపడలేదా? మీకు కళ్ళే కాదు, చెవులు కూడా ఉన్నాయనుకున్నాను. నా నోరు నొక్కే గుండు నాకెందుకు? పారేశాను."

అతను ఆ మాటకి కోపం తెచ్చుకున్నాడా అంటే, లేదు. కోపంకన్నా చల్లటిదేదో వచ్చింది. గుండు పోతే ఏం, మౌసు మీద మీట ఉంది కదా. మర్నాటి నుంచి మీట నొక్కడం మొదలుపెట్టాడు. మీటకి గరగర లేదు. టిక్కుమనే చప్పుడు ఆమె మీటల చప్పుళ్ళలో కలిసిపోయేది.

ఇద్దరి మధ్యా నలుగుతున్నది పదో తరగతి సైన్సు పుస్తకం. ఆ ఏడు సిలబస్ మారింది, పాత బ్రెయిలీ పుస్తకాలు పనికిరావు. కొత్త పుస్తకాన్ని ఎవరో చదివి క్యాసెట్లలో ఎక్కించి పంపితే, సలోమి అవి విని కొట్టేది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఆ తరగతిలో గౌరి అని ఒకామె ఉండేది. చిన్నపిల్ల కాదు. కొండ క్వారీలో రాళ్ళు మోసేది. రాళ్ళు పగలగొట్టే తూటా పేలి కళ్ళు పోయాయి, ఆ తర్వాత మొగుడూ పోయాడు, అంటే ఇంకో ఊరు పోయాడు. పుట్టింటివాళ్ళు ఒక మూల కూర్చోబెడితే లేచి నడుచుకుంటూ బడికి వచ్చేసింది. ఒక ఆస్పత్రిలో టెలిఫోను ఆపరేటర్ పని ఇస్తామన్నారు, పదో తరగతి పాసవ్వాలి. చిన్నప్పటి నుంచి చుక్కలు చదివిన పిల్లలు గడగడా చదివేస్తారు. గౌరి వేళ్ళు రాళ్ళెత్తి కాయలు కాసినవి. పేజీ దాటాలంటే ఆమెకి పూటంతా పట్టేది. అందుకే ఆమెకి పుస్తకం అందరికన్నా ముందు కావాలి.

ఒక మధ్యాహ్నం అచ్చు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీ ఇద్దరూ కొట్టుకుంటే కొట్టుకోండి. నాకేటి. నా పొత్తకమేదీ?"

సలోమి మీటల మీంచి చేతులు తీసింది.

"టీచరమ్మా, మీకు ఉజ్జోగం ఉంది. పైడిరాజు గారూ, మీకూ ఉంది. నాకు లేదు. నాకది కావాలి." అని తలుపు చెక్క మీద అరచేత్తో ఒక్కటి చరిచి వెళ్ళిపోయింది.

ఆ చరుపుకి ప్రిన్సిపాల్ గారు కదిలారు. మర్నాడు టెక్నీషియన్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టారు. సలోమి, పైడిరాజు చెరోవైపు నిలబడ్డారు.

"అదేం లేదండీ, జంపరు మార్చాలి" అన్నాడు ఫోన్లో అతను.

"ఎవరి జంపరు?" అంది సలోమి కటువుగా.

ప్రిన్సిపాల్ గారు దగ్గారు. ఫోన్లో అతను తడబడి, జంపరంటే రవిక కాదనీ, కార్డు మీదుండే నల్ల టోపీ అనీ, సీరియల్ తలుపు టోపీని నాలుగో నంబరు మీంచి తీసి ఖాళీగా ఉన్న ఐదో నంబరు మీద పెట్టాలనీ చెప్పాడు. ఏడు జోలికి మాత్రం పోవద్దన్నాడు, అది బ్రెయిలీ ప్రింటర్ తలుపుది. నంబర్లు కార్డు మీదే అచ్చేసి ఉంటాయట. తను రావాలంటే నెల పడుతుందట.

పైడిరాజు కంప్యూటర్ మరలు విప్పాడు. నన్ను బయటికి లాగి బల్ల మీద పడుకోబెట్టారు. సలోమి చూపుడువేలు నా మీదికి వచ్చింది.

ఒక మాట ఒప్పుకోవాలి. అంతవరకూ నన్ను ముట్టుకున్న చేతులన్నీ పీకినవీ గుచ్చినవే. ఈ వేలు అలా లేదు. నా పిన్నుల కొసల మీదుగా ఎడమ నుంచి కుడికి ఒక వరసలా వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. "నాలుగు జతలు. టోపీ రెండో జత మీద ఉంది" అంది. నన్ను చదివిందామె. కానీ జతల పక్కన అచ్చేసిన అంకెలు ఆమె వేలికి అందవు, అవి రంగుతో రాసినవి. వాటికి కళ్ళు కావాలి. టోపీ మార్చడానికి వేలి కొసలు కావాలి. పైడిరాజు కుడిచేతికి అవి లేవు, ఎడమచెయ్యి అంత సన్నపనికి తిరగదు.

"చదవండి" అంది.

అతను భూతద్దం పెట్టి వంగాడు. "మూడు, నాలుగు, ఐదు, ఏడు. ఎడమ నుంచి మూడోది ఐదు. అక్కడ ఎట్టండి."

అది నిజం. నా ఒంటి మీద రాసి ఉన్నదే చదివాడు. ఎందుకు నిజం చెప్పాడో నాకు తెలియదు. గుమ్మంలో గౌరి చరిచిన చప్పుడు అతని చెవుల్లో ఇంకా ఉందేమో. లేక విసుగేమో.

సలోమి టోపీని గోళ్ళతో పైకి లాగింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆగింది. ఈ మనిషి ఇంత త్వరగా, ఇంత సాఫీగా నిజం చెబుతాడా? ఇన్నేళ్ళూ లైన్లు మింగినవాడు, నోరు నొక్కినవాడు? మూడోదని చెప్పాడంటే మూడోది కాదన్నమాట. అంకెల వరస కూడా మార్చి చదివాడేమో, ఐదు చివర ఉందేమో. ఆమె వేలు మూడో జత దాటింది. చివరిదైన నాలుగో జత మీద టోపీ తొడిగి నొక్కింది. ఏడో గంట.

"పెట్టాను" అంది.

పైడిరాజు చూశాడు. స్పష్టంగా చూశాడు. నోరు తెరిచాడు. తర్వాత ఏమనుకున్నాడో, నోరు మూసేసి, నన్ను తీసి కంప్యూటర్లో గుచ్చి మరలు బిగించాడు.

మాట పెట్టె పలికింది. మౌసు మీట నొక్కినా ఆగలేదు. సలోమి తలెత్తి, గెలిచినదాని మొహంతో అతనివైపు తిరిగి కూర్చుంది. తను అబద్ధాన్ని పట్టుకున్నాననుకుంది. మిగిలిన పాఠాలన్నీ గది తలుపు మూసుకుని కొట్టింది. ఒక పాఠం బ్రెయిలీ ప్రింటరు దడదడమని అచ్చేస్తూ ఉంటే తర్వాతి పాఠాన్ని మాట పెట్టెతో చదివించుకుంటూ దిద్దేది. రెంటికీ ఏడో గంటే. పెట్టె పలికినప్పుడల్లా ప్రింటర్ దగ్గర ఒక అక్షరం తలుపు బయటే పడి చచ్చేది. ఆ గదిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నాకు నోరు లేదు.

మొదటి కట్ట గౌరికి ఇచ్చారు. ఆమె ఆ కట్ట చంకలో పెట్టుకుని తిరిగి వచ్చింది. అచ్చు గదిలో బెంచీ మీద కూర్చుని, పేజీ మీద వేలు పెట్టి పైకి చదివింది.

"గుండెలో వాటాలు ఉంటాయి. ఈ వాటాలు రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయి." తలెత్తింది. "గుండెలో వాటాలేటి టీచరమ్మా? ఎవరి వాటా ఎంతో అది కూడా రాసుంటే బాగుణ్ణు."

"కవాటాలు" అంది సలోమి.

"మెదడు కాడ మెడు అని ఉంది. నరాలు కాడ రాలు. పేజీకో పది ఉన్నాయి. నాను నాలుగు రోజులు ఇయ్యే బట్టీ పట్టేను. నాకు తెలీదు కదా, పొత్తకంలో ఉంటే నిజమనుకున్నాను."

సలోమి కట్ట లాక్కుని వేళ్ళతో చదువుకుంది. ఒక పేజీ. ఇంకో పేజీ. మూడో పేజీ మధ్యలో ఆపేసింది. ఆపి పైడిరాజు కూర్చునే వైపు తిరిగింది.

"తప్పు నంబరు చదివారు మీరు."

"నాను సరిగ్గానే సదివేను. మూడోదన్నాను. మీరు నాలుగో దాంట్లో ఎట్టేరు. సూసేను."

"చూశారా?"

"సూసేను."

"చూసి ఎందుకు చెప్పలేదు?"

"సెబితే నమ్ముదురా?"

గౌరి లేచింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ క్వారీలో తూటా ఎట్టినోడు నన్నెరగడు. నానున్నానని సూళ్ళేదు. మీరు నన్నెరుగుదురు" అంది. కట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి సలోమి లేచి, కంప్యూటర్ ఆపి, చేత్తో తడుముతూ మరలు తనే విప్పింది. నన్ను లాగింది. ఒక మర కిందపడి దొర్లింది, వెతకలేదు. టోపీ పీకి మూడో జత మీద పెట్టింది. వేలు అక్కడే ఉంచి, అటు తిరగకుండానే అడిగింది.

"ఇదేనా?"

"అదే."

క్షమించమని ఆమె అనలేదు. అతనూ అనలేదు. నన్ను తిరిగి గుచ్చాక మాట పెట్టే, ప్రింటరూ, మౌసూ దేని గంట అది మోగించుకుని సుఖంగా పనిచేశాయి. అయితే ఇంకో సంగతి అప్పుడు బయటపడింది. మందపాటి బ్రెయిలీ కాగితం దాదాపు అయిపోయింది. ఆ కాగితం దూరం నుంచి రావాలి, పరీక్షలు అయ్యాక గానీ రాదు. ఉన్నదంతా వాటాలూ మెడులూ రాలుగా అచ్చైపోయి ఉంది.

పైడిరాజు చెడిపోయిన కట్టలన్నీ ఎత్తుకున్నాడు. గది మూలన గుడ్డ కప్పి ఉన్న రోలరు ప్రెస్సు మీంచి గుడ్డ లాగేశాడు. అతని వేళ్ళు మింగిన ప్రెస్సు అది, కంప్యూటర్ వచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. కాగితాలని తడిగుడ్డల మధ్య పెట్టి, చెమ్మ పట్టాక, ఒక్కొక్కటే రోలరు కింద తోసి చుక్కలు అణగదొక్కడం మొదలుపెట్టాడు. మొదటి కాగితం తోసేటప్పుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆగి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ తోశాడు. ఆ రోలరు కీచుమనగానే సలోమి కుర్చీలోంచి సగం లేచింది.

"చెయ్యి జాగ్రత్త" అంది.

అతను తిప్పడం ఆపాడు. ఆ రెండు మాటలూ ఆమె ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా అన్నదని ఇద్దరికీ తెలుసు.

"మీ కోసం కాదు ఇది" అన్నాడు.

"నా కోసమని ఎవరన్నారు?"

తరగతి బెంచీల మీదా, కిటికీ ఊచలకీ, వంటింటి ముందు బట్టల తీగ మీదా కాగితాలు ఆరేశారు. సలోమి ఆరినవి తడిమి చూసి, చెమ్మ ఉంటే పక్కన పెట్టి, లేకపోతే ప్రింటర్లో పెట్టేది. అతను తోసేవాడు, ఆమె అచ్చేసేది. వారం మొత్తంలో వాళ్ళు మాట్లాడుకున్నది 'ఆరిందా', 'లేదు', 'ఇంకెన్ని' అంతే. ఆమె గుండు పారేసినందుకు అతను పగ వదల్లేదు. అతను నోరు నొక్కినందుకు ఆమె వదల్లేదు. అప్పుడప్పుడు రోలరు చప్పుడు వినలేక ఆమె గది బయటికి వెళ్ళి నిలబడేది.

పుస్తకం పూర్తయింది. గొప్పగా రాలేదు. అణిగిన పాత చుక్కలు కొత్త చుక్కల కింద లీలగా తగిలేవి. పిల్లలు తిట్టుకుంటూ చదివారు. గౌరి తిట్టుకోలేదు, ఇంకా మెల్లగా చదివింది. పాత అక్షరం ఏదో, కొత్త అక్షరం ఏదో వేలితో విడదీసుకుంటూ చదివింది. అన్నిటికన్నా తక్కువ మార్కులు సైన్సులోనే, అయినా పాసైంది. ఆ సంగతి చెప్పడానికి అచ్చు గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పాసయ్యేను. ఎల్తన్నాను" అంది. మిఠాయి తేలేదు. నమస్కారం పెట్టలేదు. కొన్నాళ్ళకి సలోమి ఏదో పని మీద ఆ ఆస్పత్రికి ఫోను చేస్తే అవతల గౌరి గొంతు వినిపించింది. "నమస్కారం, ఎవరు కావాలండీ?" సలోమి తన పేరు చెప్పలేదు. "రిసెప్షన్" అంది. లైను కలిసింది.

పైడిరాజు ఆపరేటర్ అయ్యాడు. కొత్త మౌసు వచ్చింది. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఆ బల్లకి చెరో కొసా కూర్చున్నారు. నా టోపీని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

పైడిరాజు రిటైరైన రోజు వాన. హాలు కారుతోందని సభ అచ్చు గదిలోనే పెట్టారు. నలుగురు లేచి అతను వెన్నలాంటి మనసున్నవాడనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ చెప్పారు. ఇలాంటి సభల్లో మనుషులు ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు ఎప్పుడూ అర్థం కాదు. తర్వాత, ఎవరూ పిలవకుండానే, సలోమి లేచింది.

"పైడిరాజు గారు మంచివారని ఇప్పటిదాకా చెప్పారు. నాకు తెలియదు. నాతో ఎప్పుడూ మంచిగా లేరు. నేనూ లేను. ఒకసారి ఆయన నాకు నిజం చెప్పారు, నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకు కారణాలున్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆయన చెప్పింది నిజం. అంతే."

కూర్చుంది. చప్పట్లు కొట్టాలో మానాలో ఎవరికీ తోచలేదు. దండ మెడలో ఉండగానే పైడిరాజు లేచాడు.

"ఆమె తప్పు పెడతంటే నాను సూసి కూడా సెప్పలేదు. అది కూడా నిజమే."

తర్వాత అందరూ మిక్చరు తిన్నారు. వెళ్ళేటప్పుడు అతను ఆమె కుర్చీ పక్కనుంచే వెళ్ళాడు. ఆగలేదు. ఆమె అతని అడుగుల చప్పుడు గేటు దాకా విన్నది, వాన చప్పుడులో కలిసిపోయేదాకా. అప్పుడు లేచి, కంప్యూటర్ పెట్టి, మర్నాటి పాఠం కొట్టడం మొదలుపెట్టింది. బల్ల రెండో కొస ఖాళీగా ఉంది. మాట పెట్టె నిరాటంకంగా పలుకుతూనే ఉంది. ఒక పేజీ అయ్యాక ఆమె ఆపి, ఖాళీ కుర్చీవైపు మొహం తిప్పి కాసేపు కూర్చుంది. సంతోషంగా ఉందో లేదో నాకు తెలియలేదు. బహుశా ఆమెకీ తెలియలేదు.

ఆ తర్వాత సంగతులకి పెద్ద ముచ్చట లేదు. అరచేతిలో పట్టే కంప్యూటర్లు వచ్చాయి, వాటికి టోపీలూ గంటలూ అక్కర్లేదు. మా యంత్రాన్ని పాత ఇనుము బండి మీద ఎక్కించారు. ఇప్పుడు నేను ఊరి బయట ఒక షెడ్డు ముందు, గోనెసంచిలో, నాలాంటి వందల కార్డుల మధ్య ఉన్నాను. నా అంచుకి పూసిన బంగారు పొర కోసం రేపో మాపో యాసిడ్‌లో ముంచుతారు. సంచిలో పక్కవాళ్ళు తమ యజమానుల గురించి గొప్పలు చెప్పుకుంటారు. ఒకడు బ్యాంకులో ఉన్నాడట, ఒకడు రేడియో స్టేషన్లో. ప్రేమగా చూసుకున్నారట, పండగకి బొట్టు కూడా పెట్టారట.

నాకు బొట్టు పెట్టినవాళ్ళు లేరు. ప్రేమతో చేసిన పని ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఒకరినొకరు సహించలేని ఇద్దరు తడికాగితాలు ఆరేసుకుంటూ, మొహాలు తిప్పుకునే ఉండి, ఒక పుస్తకం పూర్తిచేయడం చూశాను. మనుషులంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ పుస్తకాన్ని మాత్రం ఒకామె చివరిదాకా చదివింది.